తిరిగొచ్చిన డబ్బు

"ఆ మిషను ఆపు నాన్నా, ఒక్క నిమిషం," అంది కైసా.

వెండెల్ ఆపలేదు. వంటింటి బల్లకు బిగించిన మాంసం మిషను పిడిని ఇంకాస్త గట్టిగా తిప్పాడు. వేట సీజను చివరి రోజున కొట్టిన జింక తాలూకు కీమా తీగలు తీగలుగా గిన్నెలోకి జారుతోంది. ఇంట్లో మాటా మాటా పెరిగినప్పుడల్లా ఆయనకు ఏదో ఒక పని గుర్తుకొస్తుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో మార్లిస్ అది చూడని నెల లేదు.

బల్ల ఈ చివర రెండు కవర్లు విప్పి ఉన్నాయి. ఒకటి కైసాకు ఉద్యోగం ఇస్తూ కౌంటీ జైలు నుంచి, రెండోది కాలేజీ అప్పు వసూలు చేసే కంపెనీ నుంచి. రెండూ ఆ మధ్యాహ్నమే, ఒకే టపా సంచిలో వచ్చాయి.

"చదువమ్మా. పైకి చదువు. నాన్న కూడా వింటాడు," అంది కైసా తల్లితో.

"చదివానే. ఎన్నిసార్లు చదివిస్తావు?"

"మూడో పేరా."

మార్లిస్ కళ్ళద్దాలు సవరించుకుంది. "కావలసిన అర్హతలు. పద్దెనిమిదేళ్ళు నిండాలి. హైస్కూలు పాసై ఉండాలి. డ్రైవింగ్ లైసెన్సు ఉండాలి."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"అదీ సంగతి." కైసా కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. ఇరవై అయిదేళ్ళ పిల్ల, తండ్రి పొడుగు, తల్లి నోరు. "అక్కడికీ నమ్మకం కుదరక జైలు ఆఫీసుకు ఫోన్ చేశా. నా దగ్గర క్రిమినల్ జస్టిస్ సర్టిఫికెట్ ఉంది, జీతంలో ఏమైనా తేడా ఉంటుందా అని అడిగా. ఫోనెత్తిన ఆవిడ ఎంత ముద్దుగా చెప్పిందో. 'లేదు తల్లీ, ఆరు వారాల ట్రైనింగ్ మేమే ఇస్తాం, జీతమిచ్చి మరీ నేర్పిస్తాం. నీ కాగితం ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకో' అంది."

మిషను చప్పుడు ఆగింది. వెండెల్ తల ఎత్తలేదు.

"సోమవారం నాతో పాటు ఇంకెవరు చేరుతున్నారో తెలుసా? కర్టిస్. మన వెనకింటి కర్టిస్. అదే జైలు, అదే గంటకి పంతొమ్మిది డాలర్ల నలభై సెంట్లు. నేను ఏడాది పాటు సగం షిఫ్టులు వదులుకుని, మంచులో పోనూ రానూ ఎనభై మైళ్ళు బండి తోలుకుంటూ కాలేజీకి పోతుంటే, వాడు టైర్ల షాపులో పని చేసుకుని మంచు మీద తోలే బండి కొనుక్కున్నాడు. ఇప్పుడు ఇద్దరం ఒకే గేటు దగ్గర నిలబడతాం. వాడికి మంచుబండి, నాకు పదేళ్ళ అప్పు."

"నెలకెంత?" అన్నాడు వెండెల్, మిషనుతో అంటున్నట్టు.

"నూట రెండు. ఈ నెల పదిహేను నుంచి. తొమ్మిది వేల రెండు వందల నలభైకి పదేళ్ళలో పన్నెండు వేల పైన కడతా. పెట్రోలు బంకులో ఆ షిఫ్టులు వదులుకోకుండా ఉండి, ఆ చేత్తోనే ఈ జైలుకి అప్లికేషన్ పడేసి ఉంటే ఇదే ఉద్యోగం, ఇదే జీతం. నేను కూర్చుని లెక్క వేశా నాన్నా. ఆ సర్టిఫికెట్ నాకు తెచ్చిపెట్టింది సున్నా."

మార్లిస్‌కు ఒళ్ళు మండిపోయింది. ఆ కాలేజీ వాళ్ళు ఎన్ని కబుర్లు చెప్పారు. ప్రెస్కాట్ అనే ఆ సలహాదారు ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. చట్టం చదివిన వాళ్ళకు ఈ కౌంటీలో కొరత అన్నాడు, తలుపులు తెరుచుకుంటాయి అన్నాడు. తెరుచుకున్న తలుపు ఎవడికైనా తెరుచుకునేదేనని ఒక్క ముక్క అన్నాడా?

"రేపు స్కూలు వంటింట్లో నా పని అయిపోగానే పోదాం," అంది. "ఆ ప్రెస్కాట్ మొహం మీదే అడుగుతా. నా కూతురి ఏడాది ఎవడబ్బ సొమ్మనుకున్నాడు?"

"అడుగు. బాగా అడుగు. గురువారం మాత్రం నేను చెప్తా."

"ఎవరికి?"

"చర్చిలో. అందరికీ."

మార్లిస్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

గురువారం లూథరన్ చర్చి కింది హాలులో పాస్టీలు, అంటే మాంసం కూరి కాల్చే పిండివంట, చేసే రోజు. నాలుగు వందల పాస్టీలు చేసి ఊరంతా అమ్మి, వచ్చిన డబ్బు చదువుకో జబ్బుకో ఎవరికి అవసరమైతే వాళ్ళకు ఇస్తారు. కిందటేడు కైసా కోసం చేశారు, అది కాలేజీకి తిరిగే పెట్రోలుకు సరిపోయింది. ఈసారి ఇర్మా లెహ్టో కూతురు బ్రీటా కోసం. బ్రీటా చేరబోయేది ఆ కాలేజీలోనే, ఆ కోర్సులోనే. అప్పు కాగితం మీద సంతకం పెట్టడానికి శుక్రవారం మధ్యాహ్నం గడువు. వాళ్ళ ఊరు కోస్కి ఫాల్స్‌లో ఒక పద్ధతి ఉంది. ఎవరి కోసం ఊరు పిండి కలిపిందో, వాళ్ళు తర్వాతి వాళ్ళ కోసం వచ్చి పిండి కలపాలి. రాకపోతే ఇక ఆ మెట్లు దిగి మొహం చూపించే పని లేదు.

"ఊరందరి ముందూ అంటావా?" అంది మార్లిస్. "మనకోసం రెక్కలు ముక్కలు చేసుకున్నారే వాళ్ళు. వాళ్ళ చేత నాలుగు వందల పాస్టీలు చేయించుకుని, ఇప్పుడు అదంతా దండగ అని చెప్తావా?"

"చెప్పకపోతే? బ్రీటా కూడా నాలాగే మునుగుతుంది. ఆ కాలేజీ వాళ్ళు అచ్చేసిన కాగితం మీద నా ఫోటో ఉందమ్మా. నా మొహం చూసే అది చేరుతోంది."

"ఇంటి విషయాలు బజార్న పెట్టుకుంటామా ఎవరైనా?"

"ఇంటి విషయమేముంది ఇందులో? కాలేజీ విషయం కదా."

వెండెల్ మళ్ళీ మిషను తిప్పడం మొదలుపెట్టాడు.

మార్లిస్ కోపం అబద్ధం కాదు. కాని ఆ కోపం కింద ఇంకొకటి ఉంది, అది కూతురికి తెలియదు. గచ్చు కింద కొత్త ఫర్నేసు బుసబుసమంటూ ఇంటిని వెచ్చబెడుతోంది. ఆ చప్పుడు ఆ పూట ఆమెకు మరీ పెద్దగా వినిపించింది.

*

ప్రెస్కాట్ గదిలో మూడు కుర్చీలు, ఒక కాగితం పూల కుండీ, గోడ మీద కైసా ఫోటో. ఫోటోలో కైసా నవ్వుతోంది. కింద 'పద్నాలుగు మందిలో పద్నాలుగు మందికి ఉద్యోగాలు' అని నీలం అక్షరాలు.

"మా గర్వకారణం వచ్చింది," అన్నాడు ప్రెస్కాట్ లేచి నిలబడి. "జైలు ఉద్యోగం గురించి విన్నాను కైసా. చాలా సంతోషం. కూర్చోండి కంగాస్ గారూ, నీళ్ళు తాగుతారా?"

"నీళ్ళు ఇంటి దగ్గర తాగొచ్చాను," అంది మార్లిస్. "ఆ పద్నాలుగు మంది ఎవరెవరు, ఎక్కడెక్కడ చేస్తున్నారో చెప్పండి."

"పేర్లు చెప్పకూడదండీ. నిబంధన."

"అయితే నేను చెప్తా. రోనెల్ అనే అమ్మాయి ఉంది. నా కూతురి బ్యాచే. మా స్కూలు వంటింట్లో నా పక్కన నిలబడి పిల్లలు తిన్న ట్రేలు కడుగుతోంది. అది మీ పద్నాలుగులో ఉందా లేదా?"

ప్రెస్కాట్ స్క్రీను వైపు చూశాడు. మెడకున్న టై సర్దుకున్నాడు.

"ఉద్యోగం అంటే ఉద్యోగమేనండీ. ఏ ఉద్యోగం అని ఆ ఫారంలో అడగరు."

"ట్రేలు కడగడానికి క్రిమినల్ జస్టిసా? ఆ పని నేను నేర్పాను దానికి, ఒక్క పూటలో, పైసా తీసుకోకుండా."

"మీ ఆవేదన నాకు అర్థమవుతోంది."

"మీకేం అర్థం కాలేదు. ఈ కౌంటీలో మీ కాగితం చూసి ఇచ్చే ఉద్యోగం ఒక్కటి చెప్పండి. ఒక్కటే. నోరు మూసుకుని పోతా."

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. ఇది పునాది అన్నాడు. దీని మీద ఇంకో ఏడాది చదివితే రెండేళ్ళ డిగ్రీ అవుతుందన్నాడు. చదువుతున్నంత కాలం అప్పు కట్టక్కర్లేదని కూడా అన్నాడు, అదేదో బహుమానం అయినట్టు.

"అంటే ఇంకో అప్పు," అంది కైసా. లోపలికి వచ్చాక ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"పెట్టుబడి అనుకో."

"మీ జేబులోంచి పెట్టండి ఆ పెట్టుబడి," అంది మార్లిస్. గొంతు వరండాలోకి వినిపించి ఉంటుంది. అవతల ఎవరో తలుపు దగ్గరగా వేశారు. "నలభై మైళ్ళ అవతలి నుంచి మా పిల్లలు వస్తారు. వాళ్ళ తండ్రులకి గనులు మూతపడ్డాయి, తల్లులు వంటిళ్ళలో పని చేస్తారు. వాళ్ళకి మీరు అమ్మేది ఏమిటో మీకు తెలుసు. తెలిసే అమ్ముతున్నారు. నా కూతురి ఫోటో దింపండి ముందు."

ప్రెస్కాట్ మొహంలోంచి ఆ నవ్వు పోయింది. అప్పటిదాకా ఉన్న మర్యాద పోలేదు కాని చల్లబడింది. స్క్రీను కైసా వైపు తిప్పాడు.

"కైసా, ఇది నీ ఖాతా. నువ్వే చూసుకో. కోర్సు ఫీజూ పుస్తకాలూ కలిపి మేము తీసుకున్నది నాలుగు వేల తొమ్మిది వందల ముప్పై. మీరు తీసుకున్న అప్పు తొమ్మిది వేల రెండు వందల నలభై. మిగిలింది మా దగ్గర లేదు. రెండు విడతలుగా మీకే తిరిగి పంపించాం. కావలసినంతే తీసుకోండి అని ఆ ఫారం మీదే రాసి ఉంటుంది. తక్కువ అంకె వేసుకోవచ్చు. మేము ఎవరినీ బలవంతపెట్టలేదు."

కైసా స్క్రీను మీదికి వంగింది.

"ఎవరికి పంపించారు?"

"మీ ఖాతాకే. అమ్మగారి పేరూ నీ పేరూ కలిసి ఉన్నది."

కైసా తల్లి వైపు తిరగలేదు. మెల్లగా లేచి గోడ దగ్గరికి వెళ్ళి, తన ఫోటో తనే తీసి, బల్ల మీద బోర్లా పెట్టి, బయటికి నడిచింది. మార్లిస్ వెనకాలే వెళ్ళింది.

*

ఇరవై మైళ్ళు కైసా రోడ్డు మీంచి చూపు తిప్పకుండా కారు తోలింది. మూసేసిన గని గుంట పక్క మలుపులో కైసా బండి ఆపింది.

"ఫర్నేసేనా?"

"ఫర్నేసే."

"నాన్న ఓవర్‌టైం చేసి కొన్నాడన్నావు."

"అన్నాను."

"ఎంతయింది?"

"మూడు వేల నాలుగు వందలు."

"తిరిగొచ్చింది నాలుగు వేల మూడు వందల పది. మిగతాది?"

"నాన్న బండికి టైర్లు. ఆరు వందల ఎనభై." మార్లిస్ చేతి తొడుగులు తీసి మళ్ళీ వేసుకుంది. "ఇంకా... నీ పుట్టినరోజుకి కోటు."

కైసా ఒంటి మీదున్న కోటు వైపు చూసుకుంది. నీలం రంగు, లోపల ఉన్ని, ఊళ్ళో అందరూ బాగుందన్న కోటు.

"భలే. నా బహుమతి నేనే కొనుక్కున్నానన్న మాట. వడ్డీతో సహా."

"పైపులు గడ్డకట్టి పగిలాయే. నీకు తెలియదూ? బాత్రూంలో మంచు పేరుకుంది. నువ్వు బంకులో రాత్రి షిఫ్టులు చేసొచ్చి పగలు కాలేజీ లేనప్పుడల్లా నిద్రపోయేదానివి. ఆ ఫారం నేనే నింపా, నువ్వు సంతకం పెట్టావు. స్క్రీను మీద అంత అంకె కనిపించింది. నీకు ఇంత అర్హత ఉంది అని రాసి ఉంది. అర్హత అంటే మంచిదే కదా అనుకున్నా. తర్వాత ఖాతాలో డబ్బు పడితే అందరూ అనేదే నేనూ అనుకున్నా. తిరిగొచ్చిన డబ్బు అంటారు కదా దాన్ని, కాలేజీ వెనక్కి ఇచ్చింది అంటారు కదా."

"మనం ఇచ్చిందేముందమ్మా, వెనక్కి రావడానికి?"

మార్లిస్ కిటికీ అద్దం మీది ఆవిరి తుడిచింది.

"నువ్వు అడిగి ఉంటే ఇచ్చేదాన్ని," అంది కైసా. "చలికి చచ్చిపొమ్మంటానా మిమ్మల్ని? ఇంటి కోసం అప్పు తీసుకుందాం, నీ పేరు మీద తీసుకుందాం అంటే సరే అనేదాన్ని. అడగలేదు. అదీ నాకు మంట. ఏడాది పాటు చదువు కోసం అప్పు చేశానని బుర్ర వంచుకుని తిరిగా. ఆ అప్పులో సగం చదువు కాదట. నాన్నకి తెలుసా?"

"తెలుసు."

"మనింట్లో నాకొక్కదానికే తెలియదన్న మాట."

రోడ్డు మీద కంకర లారీ ఒకటి ఊగుతూ పోయింది. కారు అద్దాలు అదిరాయి.

"అంతమాత్రాన వాడు చేసింది తప్పు కాకుండా పోదు," అంది మార్లిస్. "ఆ ప్రెస్కాట్ గాడు. ఫీజుకి సరిపడా తీసుకున్నా ఆ అయిదు వేలకి నీకు వచ్చిందేమిటి?"

"వాడిది వాడిదే. నీది నీదే." కైసా ఇంజను స్టార్ట్ చేసింది. "రేపు నేను వస్తా. దుంపలు చెక్కుతా. నోరు మాత్రం విప్పను. సగం చెప్పి సగం దాస్తే నేనూ ఆ కాగితం మీద ఫోటోలాగే ఉంటా. మొత్తం చెప్పగలిగింది నువ్వు. చెప్తావో మానతావో నీ ఇష్టం."

*

గురువారం పొద్దున ఏడు గంటలకే చర్చి కింది హాలు వేడెక్కింది. పన్నెండు మంది ఆడవాళ్ళు, మూడు పొడుగు బల్లలు. ఒక బల్ల మీద పిండి ఒత్తుతారు, ఒకదాని మీద మాంసమూ దుంపలూ ఉల్లిపాయలూ కలిపిన కూర పెడతారు, మూడో బల్ల మీద కజ్జికాయలకు మల్లే అంచులు మడిచి నొక్కుతారు. మార్లిస్ స్కూలుకు సెలవు పెట్టి వచ్చింది. ఆమె చోటు మూడో బల్ల. ఆ ఊళ్ళో అంచు నొక్కడంలో ఆమెను మించిన చెయ్యి లేదు.

"క్యారెట్టు వేసిందెవరు ఇందులో?" అంది ఐలా మామ్మ గిన్నెలోకి తొంగి చూసి. ఎనభై దాటిన మనిషి. ఆ వంటింటికి ఆమె మాటే శాసనం.

"రంగు కోసం కాసిని," అంది ఇర్మా లెహ్టో.

"రంగు కావాలంటే గోడకి వేసుకో. పాస్టీలో రుటబాగా దుంప తప్ప ఇంకోటి పడితే మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది."

అందరూ నవ్వారు. ఇర్మా అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆమె ఆనందం పట్టలేకుండా ఉంది. కూతురు బ్రీటాకు ఇరవై నాలుగేళ్ళు, అయిదేళ్ళుగా మోటెల్లో దుప్పట్లు మారుస్తోంది. ఇక ఆ బతుకు తప్పుతుందని ఇర్మా పొద్దున్నుంచి నలుగురికీ చెప్పింది. బ్రీటా ట్రేలు మోసుకుని అవెన్ల దగ్గరికీ బల్లల దగ్గరికీ తిరుగుతోంది. సింకు దగ్గర కైసా దుంపలు చెక్కుతోంది. చెప్పినట్టే నోరు విప్పలేదు. తల ఎత్తనూ లేదు.

మార్లిస్ ముప్పై పాస్టీల దాకా నొక్కింది. ముప్పై ఒకటో దాని అంచు చిరిగింది. పక్కన పెట్టింది. తర్వాతదీ చిరిగింది.

"ఏమైందమ్మా నీ చేతులకి?" అంది ఐలా మామ్మ.

"ఇర్మా," అంది మార్లిస్. "నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు."

"బ్రీటా ఆ కోర్సులో చేరడం మంచిది కాదు."

పిండి ఒత్తే కర్రలు ఒకటొకటిగా ఆగాయి.

మార్లిస్ చెప్పింది. జైలు కాగితంలో మూడో పేరా చెప్పింది. కర్టిస్ సంగతి చెప్పింది. తన పక్కన ట్రేలు కడిగే రోనెల్ కూడా ఆ పద్నాలుగు మందిలో ఒకటని చెప్పింది. ప్రెస్కాట్‌ను తిట్టవలసిన నాలుగు తిట్లూ తిట్టింది. అక్కడిదాకా అందరూ తలలు ఊపారు. అయ్యో అన్నారు. ఒకావిడ వాళ్ళ మీద కేసు వెయ్యాలంది.

అక్కడ ఆపేసి ఉంటే సరిపోయేది. ఊరంతా ఆమె వైపే ఉండేది. మార్లిస్ సింకు వైపు చూసింది. కైసా చెక్కుడు కత్తి ఆగింది, వీపు మాత్రమే కనిపిస్తోంది.

"ఇంకా ఉంది," అంది మార్లిస్. "నా కూతురి అప్పు తొమ్మిది వేల పైన. కోర్సుకి అయింది అయిదు వేలు కూడా లేదు. మిగతాది నేను తీసుకున్నా. దానికి చెప్పకుండా తీసుకున్నా. మా ఇంటి ఫర్నేసు ఆ డబ్బే. వెండెల్ టైర్లు ఆ డబ్బే. అది పదేళ్ళు కట్టాలి, మేము వెచ్చగా పడుకున్నందుకు. మీరందరూ దాని చదువు కోసం పిండి పిసికారు. నేను మీ మొహాలు చూస్తూ ఊరుకున్నా. సిగ్గుగా ఉంది నాకు."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆశ్చర్యపోయిన మొహం ఒక్కటీ లేదని మార్లిస్‌కు కాసేపటికి గాని తట్టలేదు.

"అయిపోయిందా?" అంది ఇర్మా. గొంతులో ఇందాకటి నవ్వు లేదు. "మీ ఇంట్లో ఫర్నేసు బిగించింది మా తమ్ముడు గోర్డీ. నువ్వు ఏ డబ్బు ఇచ్చావో నాకు పోయినేడే తెలుసు. నాకే కాదు, ఇక్కడ అందరికీ తెలుసు. ఎవరైనా అన్నామా నిన్ను? ఒక్క మాట అన్నామా?"

"అంటే నీకు తెలిసే..."

"మా ఇంటి కప్పు కారుతోంది మార్లిస్. రెండు శీతాకాలాలుగా బకెట్లు పెట్టుకుని పడుకుంటున్నాం. నాలుగు వేలకి వేసి ఇస్తానన్నాడు గోర్డీ. నాకు బ్యాంకు నాలుగు వందలు కూడా ఇవ్వదు. మాలాంటి వాళ్ళకి ఏ ప్రశ్నా వెయ్యకుండా తొమ్మిది వేలు ఇచ్చేది ఆ కాలేజీ ఒక్కటే. నీ ఇల్లు వెచ్చబడింది కదా, ఇప్పుడు నీతులు చెప్పడానికి తీరిక దొరికింది. మా మీద పడే నీళ్ళ సంగతి ఏమిటి?"

మార్లిస్ చెంప మీద కొట్టినట్టయింది. పొద్దున్నుంచి, కాదు, రెండు రోజుల నుంచి కూడగట్టుకున్న కోపమంతా ఎవరి మీద చూపించాలో తెలియకుండా పోయింది. ఇర్మా అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

"చాలించండి ఇద్దరూ," అంది ఐలా మామ్మ. "పిండి ఆరిపోతోంది."

అప్పుడు చూశారు బ్రీటాను. ఖాళీ ట్రే పట్టుకుని ఇర్మా వెనకే నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడి ఉందో ఎవరూ గమనించలేదు.

"మిస్ మార్లిస్," అంది. చిన్నప్పుడు స్కూల్లో అన్నం పెట్టించుకున్న రోజుల పిలుపే ఇప్పటికీ. "మీరు చెప్పినవి నిజమేనా? ఆ కాగితం లేకపోయినా జైల్లో తీసుకుంటారా?"

"తీసుకుంటారు తల్లీ."

"కైసా?"

కైసా వెనక్కి తిరిగింది. "అసలు అడగనే లేదు."

బ్రీటా ట్రేని బల్ల మీద పెట్టింది. ఆమె మొహం ఎర్రగా కందిపోయింది.

"ఇంతమందికి తెలుసు," అంది. గొంతు పెంచలేదు. "మా మామయ్యకి తెలుసు. మా అమ్మకి తెలుసు. కప్పుకి నాలుగు వేలు అని లెక్క కూడా అయిపోయింది. సంతకం పెట్టేది నేను, పదేళ్ళు కట్టేది నేను. నాకు తప్ప అందరికీ తెలుసు. ఇప్పుడు నా కోసమని నాలుగు వందల పాస్టీలు చేస్తున్నారు."

"నీ మంచం మీదే కదే కారేది," అంది ఇర్మా. "నీ కోసం కాదా అది?"

"అవును. నా మంచం మీదే."

అంత ఒప్పుకుంటుందని ఇర్మా అనుకోలేదు. అక్కడెవరూ అనుకోలేదు.

బ్రీటా ఏప్రాన్ జేబులోంచి ఫోను తీసింది. రెండు మూడు సార్లు వేలితో నొక్కింది. కాలేజీ అప్పు ఫారం తెరుచుకుంది. పైన ఆమె పేరు, కింద గడువు రేపు మధ్యాహ్నం అని, మధ్యలో ఎంత కావాలో వెయ్యమని ఒక ఖాళీ గడి. ఫోనును తల్లి ముందు, పిండి చల్లిన బల్ల మీద పెట్టింది.

"కోర్సు ఉత్తదే అని తేలిపోయింది. మిగిలింది కప్పే," అంది. "ఎంత కావాలో నువ్వే కొట్టమ్మా. ఇంట్లో కాదు, రాత్రికి కాదు. ఇక్కడ, వీళ్ళందరి ముందూ, నేను చూస్తుండగా కొట్టు. నువ్వు కొట్టిన అంకెకి నేను సంతకం పెడతా."

ఇర్మా ఫోను వంక చూసింది. కూతురి వంక చూసింది. చేతులకు మోచేతుల దాకా పిండి ఉంది. ఏప్రాన్‌కు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

ఒక్కొక్క వేలూ విడివిడిగా తుడిచింది. పదో వేలు అయ్యాక మళ్ళీ మొదటి వేలు తుడుచుకుంది.